బార్సా లెక్కలు, మారుతున్న ఆడిటర్లు: ఆ 100 మిలియన్లు ఏమయ్యాయి?

బ్లౌగ్రానా_బెజవాడ
3 ఏప్రిల్ 2025, ఉదయం 8:12

రాత్రి ఒంటిగంటకు మొదలైన బార్సిలోనా, అట్లెటికో ఫుట్‌బాల్ మ్యాచ్ చివరిదాకా చూశాను. ఫెర్రాన్ టోరెస్ కొట్టిన ఒక్క గోల్‌తో స్పెయిన్ కప్పు కోపా ఫైనల్‌కి వెళ్లాం. పొద్దున్నే లేచి ఫోన్ తీస్తే ఆ సంతోషం కాస్తా పోయింది. మ్యాచ్‌కి ముందే స్పెయిన్ పెద్ద లీగ్‌ని నడిపే లా లీగా ఒక ప్రకటన ఇచ్చింది. చదవనివాళ్ల కోసం విషయం చెబుతాను.

మన సొంత స్టేడియం కొత్త క్యాంప్ నౌలో 475 వీఐపీ సీట్ల హక్కులు అమ్మి దాదాపు 100 మిలియన్ యూరోలు తెచ్చామని మన క్లబ్ జనవరి మొదట్లో చూపించింది. రూపాయల్లో 900 కోట్ల పైమాటే. ఆ డబ్బును చూపించి, మన ఆటగాళ్లు డానీ ఓల్మో, పావు విక్టర్‌ల పేర్లు లీగ్‌లో రిజిస్టర్ చేయమంది. ఒక ఆడిటర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. ఇప్పుడు సీజన్ మొదటి సగం లెక్కలు లా లీగాకి చేరాయి. వీటిని చూసిన ఆడిటర్ వేరు. ఈయన చూసిన లాభనష్టాల ఖాతాలో ఆ సీట్ల డబ్బు ఊసే లేదు. కాబట్టి డిసెంబర్ 31న గానీ, జనవరి 3న గానీ, ఇవాళ గానీ ఆ ఇద్దరికీ ఫెయిర్ ప్లే, అంటే క్లబ్ ఆదాయాన్ని బట్టి ఇచ్చే జీతాల పరిమితిలో చోటు, లేదని లా లీగా అంటోంది. సర్టిఫికెట్ ఇచ్చిన ఆడిటర్ మీద స్పెయిన్ ఆడిట్ నియంత్రణ సంస్థ ఐకాక్‌కి ఫిర్యాదు చేస్తామని కూడా చెప్పింది.

ఓల్మో ఆడతాడా లేదా అన్న టెన్షన్ ఎలాగూ ఉంది. నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ఈ సంతకాల గురించి. కిందటి రెండు సీజన్లు లెక్కలు చూసిన ఆడిట్ ఫర్మ్ గ్రాంట్ థార్న్‌టన్ వెళ్లిపోయింది. క్రో అనే ఫర్మ్ వచ్చింది. సీట్ల అమ్మకానికి సర్టిఫికెట్ ఇచ్చింది మరొకరు. ఒకే సీజన్‌లో ఇదంతా. ఆడిట్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇది మామూలేనా?

మాసియా_మామ
3 ఏప్రిల్ 2025, ఉదయం 8:40

తమ్ముడూ, ఆ ప్రకటన వచ్చిన టైం చూశావా? సరిగ్గా సెమీఫైనల్ రోజు. 2021లో లా లీగా పెట్టుబడి సంస్థ సీవీసీతో చేసుకున్న ఒప్పందానికి మనమూ మాడ్రిడ్ కూడా ఒప్పుకోలేదు. యాభై ఏళ్ల టీవీ హక్కుల్లో వాటా ఇచ్చేయమంటే ఎలా ఒప్పుకుంటాం? అప్పట్నుంచి లా లీగా అధ్యక్షుడు టెబాస్‌కి మనమంటే పడదు.

ఇంకో సంగతి మర్చిపోవద్దు. మన అధ్యక్షుడు లాపోర్తా 2021లో కుర్చీ ఎక్కేసరికి క్లబ్ పరిస్థితి ఏంటి? ఆ సీజన్ నష్టమే 481 మిలియన్ యూరోలు. అప్పు 1.35 బిలియన్లు. వచ్చే ఆదాయం కంటే జీతాల బిల్లే ఎక్కువ, 103 శాతం. మెస్సీని పంపాల్సి వచ్చింది ఆ పాత పాలకుల పుణ్యానే కదా. ఆ స్థితి నుంచి లామిన్ యమాల్, కుబార్సీ, పెద్రి ఆడే ఈ టీమ్‌ని తెచ్చాడు. అది చూడకుండా ఆడిటర్ మారాడని గాభరా పడితే ఎలా?

ఆడిట్_అక్క
3 ఏప్రిల్ 2025, ఉదయం 10:05

నేను వైజాగ్‌లో ఆడిట్ చేస్తుంటాను, బార్సా అభిమానిని. బెజవాడ తమ్ముడి ప్రశ్నకి నాకు తెలిసినంత చెబుతాను.

ఆడిటర్ మారడం తప్పేమీ కాదు. గడువు అయిపోతుంది, ఫీజు కుదరదు, పెద్ద ఫర్మ్ వద్దనుకుంటారు. చూడాల్సింది ఎప్పుడు మారాడు, దేని తర్వాత మారాడు అన్నది. బార్సా విషయంలో ఆ వరస కొంచెం ఇబ్బందిగానే ఉంది.

2022లో బార్సా స్టూడియోస్‌లో 49 శాతం వాటాను సోషియోస్, ఆర్ఫియస్ మీడియా అనే రెండు సంస్థలకు 200 మిలియన్ యూరోలకు అమ్మారు. తర్వాత దానికే బార్సా విజన్ అని పేరు పెట్టారు. అమ్మకం లాభం పుస్తకాల్లో వెంటనే ఎక్కింది, ఆ ఏడాది ఆటగాళ్లను కొన్నారు. డబ్బు మాత్రం ఒప్పందంలో రాసుకున్నట్టు రాలేదు. 2023లో వాటా కొంత వేరే చేతికి మార్చారు, అక్కడా వాయిదాలు ఆగాయి. రాని బాకీని ఎన్నాళ్లని ఆస్తిగా చూపిస్తారు? 2023-24 లెక్కల్లో దాని విలువ 141 మిలియన్లు తగ్గించాల్సి వచ్చింది. అందుకే ఆ ఏడాది 91 మిలియన్ల నష్టం. ఆ కోత లేకపోతే మామూలు కార్యకలాపాల మీద 12 మిలియన్ల లాభం వచ్చేదని క్లబ్ చెప్పింది.

ఆ లెక్కల మీద సంతకం పెట్టింది గ్రాంట్ థార్న్‌టన్. తర్వాతి సీజన్ సగంలోనే ఆ ఫర్మ్ లేదు. ఎవరు ఎవరిని వద్దన్నారో పక్కన పెడదాం. పెద్ద కోత పడిన వెంటనే ఆడిటర్ మారితే, కారణం ఏంటని సభ్యులు అడిగే హక్కు ఉంది. మన దేశంలో కంపెనీ ఆడిటర్ మధ్యలో రాజీనామా చేస్తే 30 రోజుల్లో ఏడీటీ-3 ఫారం దాఖలు చేసి కారణం రాయాలి. ఆ ఫారంలో రాసిన రెండు లైన్లు చదివి నేను క్లయింట్‌ని వదులుకున్న సందర్భాలున్నాయి.

వరంగల్_వింగర్
3 ఏప్రిల్ 2025, ఉదయం 10:31

అక్కా, ఒక డౌట్. సీట్లు అమ్మారు, డబ్బు కూడా చేతికొచ్చిందంటున్నారు. మరి కొత్త ఆడిటర్ ఎందుకు ఆదాయంగా రాయలేదు? డబ్బు వచ్చాక కూడా ఆదాయం కాకపోవడం ఏంటి?

ఆడిట్_అక్క
3 ఏప్రిల్ 2025, ఉదయం 11:02

మంచి ప్రశ్న, అసలు గొడవంతా ఇక్కడే ఉంది. హైదరాబాద్‌లో ప్రీలాంచ్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లు నీకు తెలిసే ఉంటారు. బిల్డర్ డబ్బు తీసుకున్నాడు, పునాది కూడా పడలేదు. ఆ డబ్బు బిల్డర్ ఖాతాలో ఉంది గానీ, లెక్కల ప్రకారం అతను ఇంకా సంపాదించలేదు. కొన్నవాడికి ఇల్లు బాకీ ఉన్నాడు. కాబట్టి అది అడ్వాన్సు, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చుంటుంది. ఇవ్వాల్సింది ఇచ్చేకొద్దీ ఆదాయంగా మారుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లోనూ, మన దేశపు లెక్కల ప్రమాణం ఇండ్ ఏఎస్ 115లోనూ మూల సూత్రం ఇదే.

క్యాంప్ నౌలో ఆ సీట్లు ఇంకా తయారవలేదు. క్లబ్ వైపు వాదన, మేం అమ్మింది హక్కుని, హక్కు చేతులు మారిన రోజే ఆదాయం వచ్చినట్టే అని. సర్టిఫికెట్ ఇచ్చిన ఆడిటర్ దానికి ఒప్పుకున్నాడు. ఆర్నెల్ల లెక్కలు చూసిన ఆడిటర్ ఒప్పుకోలేదు.

అందుకే నేను క్రో మీద అనుమానపడటం లేదు. కొత్తగా వచ్చిన ఆడిటర్ మేనేజ్‌మెంట్ చెప్పినదానికి తలూపుతాడని అందరం భయపడ్డాం. తీరా 100 మిలియన్లను లాభంలోకి రానివ్వకుండా ఆపింది ఆ కొత్త ఆడిటరే. మెత్తటి ఆడిటర్ కోసమే మార్పు జరిగిందని అనుకుంటే, ఆ పని జరగలేదు.

మాసియా_మామ
3 ఏప్రిల్ 2025, ఉదయం 11:20

అక్క చెప్పింది న్యాయంగా ఉంది. కానీ ఒకటి అడుగుతాను. ఇద్దరు చదువుకున్న ఆడిటర్లే ఒకే కాగితం చూసి చెరో మాట అంటే, క్లబ్ మోసం చేసిందని ఎలా అంటాం? జనవరిలో సర్టిఫికెట్ చూసే కదా లా లీగా లెక్కలోకి తీసుకుంది? అప్పుడు తీసుకుని, మూడు నెలల తర్వాత వెనక్కి లాక్కుంటే ఆ కుర్రాళ్ల గతేంటి? ఓల్మో జర్మనీ క్లబ్ లైప్‌జిగ్ వదిలి సొంత ఊరికొచ్చాడు. మన యువ అకాడమీ మాసియాలో పెరిగిన పిల్లాడు.

నల్లగొండ_నెం9
3 ఏప్రిల్ 2025, ఉదయం 11:48

నాకైతే ఇది సత్యం కథలాగే కనిపిస్తోంది. అంతా బాగుంది, అంతా బాగుంది అంటూనే ఒక రోజు పొద్దున్నే మొత్తం కూలిపోతుంది.

ఆడిట్_అక్క
3 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 12:15

ఆ పోలిక వద్దు తమ్ముడూ. 2009 జనవరి 7న సత్యం చైర్మన్ స్వయంగా ఉత్తరం రాసి, బ్యాంకులో లేని వేల కోట్లు ఉన్నట్టు చూపించామని ఒప్పుకున్నాడు. అది లేని డబ్బు. బార్సాలో ఒప్పందాలు బయటే ఉన్నాయి, ఎవరికి ఎంతకు అమ్మారో పేపర్లలో వచ్చింది. తగాదా విలువ ఎంత, ఎప్పుడు రాయాలి అన్నదాని మీద. రెండూ ఒకటే అంటే నిజంగా అడగాల్సిన ప్రశ్న పక్కకు పోతుంది.

మోంజుయిక్_మెట్లు
3 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:37

ఇక్కడ బార్సిలోనాలో ఉద్యోగం చేస్తున్నాను. క్లబ్ సభ్యుణ్ణి కాను, ఓటు లేదు. నాతో పనిచేసేవాళ్లలో ఇద్దరు ముగ్గురు తాతల కాలం నుంచి సభ్యులు.

ఆ సీట్లు కట్టలేదని అక్క అన్నారు కదా, కళ్లతో చూసింది చెబుతాను. కొల్‌బ్లాంక్ మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే క్రేన్లు కనిపిస్తాయి. పై అంతస్తు ఇంకా కాంక్రీటు అస్థిపంజరంలాగే ఉంది. క్లబ్ పుట్టింది 1899 నవంబర్ 29న. 125 ఏళ్లు నిండే 2024 నవంబర్‌కల్లా సొంత మైదానానికి వెళ్లిపోతామన్నారు. ఆ తేదీ దాటిపోయింది. మ్యాచ్ అంటే ఇప్పటికీ ప్లాసా ఎస్పాన్యా నుంచి ఎస్కలేటర్లు ఎక్కి మోంజుయిక్ కొండ మీది ఒలింపిక్ స్టేడియానికి పోవాల్సిందే. మధ్యలో రన్నింగ్ ట్రాక్ ఉండటంతో గోల్ వెనక కూర్చుంటే అటు వైపు ఆట ఆనదు. పాత క్యాంప్ నౌలో దాదాపు లక్ష మంది పట్టేవాళ్లు, ఇక్కడ అందులో సగం. టికెట్ల ఆదాయం ఎంత పోయిందో మీరే ఊహించుకోండి. స్టేడియం కోసం 2023లో తెచ్చిన 1.45 బిలియన్ల రుణం తీరాల్సింది కూడా కొత్త స్టేడియం రాబడి నుంచే. అందులో వీఐపీ సీట్లే ఖరీదైన భాగం. వాటిలో 475 సీట్ల హక్కులు ముందే అమ్మేశాం.

మా ఆఫీసులో ఒక పెద్దాయన సభ్యుడు. ఓల్మో గురించి ఆయనకి పెద్ద పట్టింపు లేదు. "అమ్మకానికి ఇంకేం మిగిలింది?" అని అడిగాడు. లా లీగా టీవీ హక్కుల్లో 25 శాతం, 25 ఏళ్లకు, 2022లోనే సిక్స్త్ స్ట్రీట్ అనే పెట్టుబడి సంస్థకి పోయింది. స్టూడియోస్ సగం పోయింది. ఇప్పుడు సీట్లు.

వరంగల్_వింగర్
3 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 2:10

2022 వేసవిలో లెవాండోవ్‌స్కీ, రఫీన్యా, కూండే వచ్చినప్పుడు మేం కాలేజీలో స్వీట్లు పంచుకున్నాం. ఆస్తులమ్మి డబ్బు తేవడానికి క్లబ్ పెట్టిన పేరు పలాంకా (మీట), అప్పుడు అదేదో గొప్ప తెలివి అనుకున్నాం. రాబోయే పాతికేళ్ల ఆదాయాన్ని ముందే వాడేసుకోవడమే అదని ఇప్పుడు తెలుస్తోంది. 2047లో బార్సాకి ఆడబోయే కుర్రాడు ఇంకా పుట్టి కూడా ఉండడు, వాడి జీతానికి వచ్చే డబ్బులో కొంత మనం ముందే ఖర్చుపెట్టేశాం.

గచ్చిబౌలి_గ్యాలరీ
3 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:26

ఎక్కడో ఉన్న క్లబ్ లెక్కలు మనకెందుకని అడిగేవాళ్లకి నేను జవాబు చెబుతాను.

2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీలు, మా గోల్‌కీపర్ కట్టిమని ఆపిన షాట్లు. కోచ్ మనోలో మార్కెజ్ బార్సిలోనా మనిషే. ఆ రోజు మా క్లబ్ ఆసియాలో ఆడబోతోందని కలలు కన్నాం. రెండేళ్లు తిరగలేదు. జీతాలు ఆగాయన్న వార్తలు, ఫిఫా నిషేధం, జనవరి వచ్చేసరికి ఆటగాళ్లు ఒక్కొక్కరే వేరే టీముల జెర్సీల్లో కనిపించారు. 2023-24 అంతా కలిపి ఒకే ఒక్క గెలుపు. గచ్చిబౌలి స్టేడియంలో మేం ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని ఇరవై ఏళ్ల కుర్రాళ్ల కోసం అరిచాం. వాళ్లు ప్రాణం పెట్టి ఆడారు.

మాకు చివరిదాకా లెక్కలు తెలియలేదు. అభిమానికి ఓటు లేదు, సర్వసభ్య సమావేశం లేదు, ఆడిటర్ ఎవరో కూడా ఎవరూ చెప్పలేదు. బార్సాలో లక్షకు పైగా సభ్యులున్నారు, వాళ్లే యజమానులు. స్పెయిన్ పెద్ద లీగ్‌లో అలాంటివి నాలుగే క్లబ్‌లు: బార్సా, మాడ్రిడ్, అథ్లెటిక్, ఒసాసూనా. అంత హక్కు చేతిలో ఉండి కూడా అడగకపోతే ఎలా? టీమ్ గెలుస్తున్నప్పుడే అడగాలి. మా వాళ్లు కప్పు గెలిచిన రోజు మేమెవరమూ అడగలేదు.

బ్లౌగ్రానా_బెజవాడ
3 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:50

గచ్చిబౌలి అన్నా, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

మాసియా_మామ
3 ఏప్రిల్ 2025, రాత్రి 10:44

వార్త వచ్చింది. స్పెయిన్ క్రీడా మండలి సీఎస్‌డీ మన అప్పీల్‌ని ఒప్పుకుంది. ఓల్మో, విక్టర్ సీజన్ చివరిదాకా ఆడొచ్చు. జనవరి 8న ఇచ్చిన తాత్కాలిక అనుమతి ఇప్పుడు ఖాయమైంది. విస్కా బార్సా!

ఆడిట్_అక్క
3 ఏప్రిల్ 2025, రాత్రి 11:09

కుర్రాళ్ల కోసం నాకూ సంతోషంగా ఉంది. అయితే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం లా లీగా కమిటీకి ఉందా లేదా అన్నది ఒక విషయం. ఆ 100 మిలియన్లు ఆదాయమా, అడ్వాన్సా అన్నది ఇంకో విషయం. మొదటిదానిలో గెలిచాం. రెండోదానికి జవాబు సీజన్ ముగిశాక లెక్కల్లోనే దొరుకుతుంది.

నల్లగొండ_నెం9
21 అక్టోబర్ 2025, రాత్రి 9:18

పాత చర్చను పైకి తెస్తున్నాను, ఏమనుకోవద్దు. లీగ్, కోపా, సూపర్ కప్ మూడూ గెలిచాం కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ ఈ వైపు రాలేదు. ఈలోపు జరిగినవి ఇవి. జూలైలో ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 15 మిలియన్ యూరోల జరిమానా వేసింది, షరతులు తప్పితే అది 60 మిలియన్ల దాకా పోవచ్చు. సెప్టెంబర్‌లో లా లీగా మన జీతాల పరిమితిని 463 నుంచి 351 మిలియన్లకు దించింది. మొన్న ఆదివారం సభ్యుల సమావేశంలో 2024-25 లెక్కలు పాసయ్యాయి: ఆదాయం 994 మిలియన్లు, నష్టం 17 మిలియన్లు.

అక్కా, మీరేమంటారు?

ఆడిట్_అక్క
21 అక్టోబర్ 2025, రాత్రి 10:02

సొంత స్టేడియం లేకుండా 994 మిలియన్లు తేవడం చిన్న విషయం కాదు, ముందు అది ఒప్పుకోవాలి. 481 మిలియన్ల నష్టం నుంచి 17కి వచ్చాం. వ్యాపారం బాగుపడుతోంది, అందులో నాకు సందేహం లేదు.

పరిమితి ఒక్కసారిగా వంద మిలియన్లకు పైగా పడిపోవడం చూడండి. సీట్ల డబ్బును లెక్కలోకి తీసుకోకపోతే పరిస్థితి ఎలా ఉంటుందో అది చెబుతోంది. యూఈఎఫ్ఏ అయితే మొదట్నుంచీ ఇదే అంటోంది. టీవీ హక్కుల అమ్మకాన్ని మామూలు ఆదాయంగా చూపించారని 2023లోనే అయిదు లక్షల యూరోల జరిమానా వేసింది. ఆస్తి అమ్మితే వచ్చేది ఒక్కసారే వస్తుంది, జీతం ప్రతి నెలా ఇవ్వాలి. లా లీగా, యూఈఎఫ్ఏ, ఆడిటర్ ముగ్గురూ ఎవరి పద్ధతిలో వాళ్లు చూసినా తేడా ఇక్కడే వస్తోంది.

వార్షిక నివేదిక చదివేవాళ్లు మొదటి పేజీల్లో ట్రోఫీల ఫొటోలు దాటేసి మూడు చోట్ల ఆగండి. ఆడిటర్ అభిప్రాయంలో "మినహా" అన్న అర్థం వచ్చే మాట ఎక్కడైనా ఉందా? బాకీలు రావాల్సిన వాళ్ల నోట్‌లో ఏడాదికి పైబడినవి ఎన్ని? వాయిదా వేసిన ఆదాయం కింద సీట్ల డబ్బు ఎంత కూర్చుంది?

మాసియా_మామ
21 అక్టోబర్ 2025, రాత్రి 10:25

నాకు ఓటుంటే ఇవాళ్టికీ లాపోర్తాకే వేస్తాను. దాన్ని దాచుకోను. కానీ గ్రాంట్ థార్న్‌టన్ ఎందుకు వెళ్లింది, సీట్ల సర్టిఫికెట్‌కి వేరే ఫర్మ్‌ని ఎందుకు పిలిచారు అన్నవి రెండు పేరాల్లో రాసి సభ్యుల ముందు పెడితే ఆయనకే మంచిది. తప్పేమీ లేనప్పుడు రాయడానికి ఇబ్బందేంటి?

గచ్చిబౌలి_గ్యాలరీ
21 అక్టోబర్ 2025, రాత్రి 10:51

ఏప్రిల్‌లో మా క్లబ్ గురించి రాశాను. ఇప్పుడు ఆ క్లబ్ హైదరాబాద్‌లోనే లేదు. ఢిల్లీకి వెళ్లింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. జెర్సీ మడిచి బీరువాలో పెట్టాను. మామా, మీరు అడగమన్న ఆ రెండు పేరాలు ఎవరైనా నిజంగా అడగాలి. అడగడానికి మీ వాళ్లకి ఒక సమావేశమైనా ఉంది.

మోంజుయిక్_మెట్లు
21 అక్టోబర్ 2025, రాత్రి 11:40

అడుగుతారు. వచ్చే ఏడాది అధ్యక్ష ఎన్నికలున్నాయి. సెప్టెంబర్‌లో వలెన్సియా, గెటాఫె మ్యాచ్‌లు ఆరు వేలమంది పట్టే యోహాన్ క్రైఫ్ మైదానంలో ఆడినప్పటి నుంచి ఇక్కడి సభ్యుల్లో ఓపిక తగ్గింది. మా ఆఫీసు పెద్దాయన ప్రతి అభ్యర్థినీ రెండు ప్రశ్నలు అడుగుతానన్నాడు: ఆడిటర్‌ని మీ పదవీకాలం అంతా ఒకరినే ఉంచుతారా, మారిస్తే కారణాన్ని సమావేశానికి ముందే రాతపూర్వకంగా ఇస్తారా? అక్క చెప్పిన మూడు చోట్లూ ఆయనకి స్పానిష్‌లో రాసిచ్చాను. జవాబులు వస్తే ఇక్కడ పెడతాను.